కొండదారి ధూళిలో రాతినార

ఇల్లినాయ్ రాష్ట్రపు ఈశాన్య భాగం చదునైన నేల. వేల సంవత్సరాల క్రితం ఉత్తరదిశనుండి దిగివచ్చిన హిమఫలకాలు ఇక్కడి ఎత్తుపల్లాలను పూడ్చి మైదానంగా మార్చాయి. అందువల్ల నేపర్‌విల్ వంటి పట్టణాలలో నివసించేవారు కొండదారులలో డర్ట్ బైకులు, నాలుగు చక్రాల ఏ.టి.వి.లు నడపదలచుకుంటే దూరప్రయాణం తప్పదు. వెస్ట్ వర్జీనియాలో 2000 సంవత్సరంలో ప్రారంభమైన హాట్‌ఫీల్డ్-మెకాయ్ దారులు మొదలుకొని కొలరాడో, కాలిఫోర్నియా పర్వతాల వరకు ఇందుకోసం ఎన్నో ప్రదేశాలున్నాయి. వేసవి సెలవులలో యువత మనస్సు వీటివైపు మళ్ళడం సహజం. తల్లిదండ్రులు హెల్మెట్ గురించి, వాహనం తలక్రిందులయ్యే ప్రమాదం గురించి హెచ్చరిస్తారు. అది అవసరమే. కానీ చక్రాల క్రింద ఉన్న రాయి ఏదన్న ప్రశ్న మాత్రం సాధారణంగా ఎవరికీ తోచదు. ఆ ప్రశ్న ఎంత ముఖ్యమైనదో కాలిఫోర్నియాలోని ఒక కొండప్రాంతపు చరిత్ర తెలియజేస్తుంది.

ఆ ప్రాంతం పేరు క్లియర్ క్రీక్. ఇది సాన్ బెనిటో కౌంటీ దక్షిణ భాగంలో, డయాబ్లో పర్వతశ్రేణిలో ఉన్నది. సమాఖ్య ప్రభుత్వానికి చెందిన బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ దీని నిర్వహణను చూస్తుంది. చెట్టూచేమా అంతగా లేని విశాలమైన వాలులు, అడ్డులేని శిఖరాలు, మలుపులు తిరిగే మట్టిదారులు ఉండడంవల్ల దశాబ్దాలపాటు మోటారుసైకిలు సాహసికులు ఇక్కడికి తరలివచ్చారు. 1985లో కాలిఫోర్నియా రాష్ట్రరత్నంగా ప్రకటింపబడిన బెనిటోయిట్ అనే నీలమణి కూడా ఈ పరిసరాలలోనే లభించింది. ఈ కొండలు ఇంత బోడిగా ఉండడానికీ, తరువాత ప్రమాదకరమైనవిగా తేలడానికీ మూలకారణం ఒక్కటే: అక్కడి శిలయొక్క రసాయన స్వభావం.

ఆ శిలకు సర్పెంటైన్ అని పేరు. పాముచర్మం వలె ఆకుపచ్చని మచ్చలతో నునుపుగా మెరుస్తుంది కనుక ఆ పేరు వచ్చింది. 1965లో కాలిఫోర్నియా దీనిని తన రాష్ట్రశిలగా స్వీకరించింది. భూగర్భంలో మెగ్నీషియం అధికంగా ఉండే శిలలతో వేడినీరు చర్య జరిపినప్పుడు సర్పెంటైన్ ఏర్పడుతుంది. దానినుండి పుట్టిన మట్టిలో మెగ్నీషియం, నికెల్, క్రోమియం ఎక్కువ. మొక్కలకు ప్రాణాధారమైన కాల్షియం తక్కువ. ఇటువంటి నేలలో సాధారణ వృక్షజాతులు బ్రతకలేవు. వాలులు బోడిగా ఉండడానికి కారణమిదే. సాహసికుని ఆకర్షించిన ఖాళీస్థలం నిజానికి మొక్కలు తిరస్కరించిన నేల.

ఇదే సర్పెంటైన్ కుటుంబంలో క్రిసోటైల్ అనే ఖనిజమున్నది. తెలుగులో రాతినార అని పిలువబడే ఆస్‌బెస్టాస్‌లో తెల్లని రకం ఇది. దీని అణునిర్మాణం చిత్రమైనది. సిలికాన్, ఆక్సిజన్‌లతో కూడిన ఒక పొరకు మెగ్నీషియం హైడ్రాక్సైడ్ పొర ఒకటి అంటుకొని ఉంటుంది. రెండవ పొర మొదటిదానికంటె కొంచెం వెడల్పు. కొలతలు కుదరని రెండు పొరలను అతికించితే అవి చదునుగా నిలువవు. ఎండలో వేసిన తాటాకు చుట్టుకున్నట్లు చుట్టుకొని, సన్నని గొట్టాలుగా మారతాయి. ఒక్కొక్క గొట్టపు మందం మైక్రాన్‌లో సుమారు నలభయ్యో వంతు. మనిషి తలవెంట్రుక దీనికి దాదాపు మూడువేల రెట్లు లావు. ఈ గొట్టాలు కట్టలుగా కలిసి, దూదివలె మెత్తని నారగా కనబడతాయి.

రాయిలో బిగిసి ఉన్నంతకాలం ఈ నార ఎవరికీ హాని చేయదు. గాలిలోకి లేచినప్పుడే అది ప్రమాదకరం. కాలినడకన వెళ్ళేవాని అడుగు రేపే ధూళి స్వల్పం. వేగంగా తిరిగే చక్రం మట్టిని నలిపి, చిమ్మి, వెనుకకు మేఘంలా విసురుతుంది. అందులోని పెద్దరేణువులు నిమిషాలలో నేలకు దిగుతాయి. మైక్రాన్ కంటె సన్నని పోగులు మాత్రం కదలని గాలిలో సైతం గంటల తరబడి తేలుతూనే ఉంటాయి.

అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2004, 2005 సంవత్సరాలలో క్లియర్ క్రీక్‌లో ఈ విషయాన్ని స్వయంగా కొలిచింది. పరిశోధకులు వడపోత పరికరాలను ధరించి మోటారుసైకిళ్ళు, ఏ.టి.వి.లు నడిపారు, నడిచారు, వాహనాలను కడిగి శుభ్రపరిచారు. పిల్లలు పీల్చే గాలిని అంచనావేయడానికి వారి ముక్కు ఎత్తులో కూడా నమూనాలు సేకరించారు. ముందు పోయేవానికంటె వెనుక అనుసరించేవారు ఎక్కువ పోగులు పీలుస్తున్నారని తేలింది. సాధారణంగా కుటుంబంలో పెద్దవారు ముందు, పిల్లలు వెనుక ప్రయాణిస్తారు కనుక ఈ ఫలితాన్ని గుర్తుంచుకోవాలి. ఏడాదికి ఒకటికంటె ఎక్కువసార్లు అక్కడికి వెళ్ళి వాహనాలు నడిపేవారికి జీవితకాలపు కాన్సర్ ముప్పు ఆ సంస్థ అంగీకరించే పరిమితిని, అనగా పదివేలమందిలో ఒకరిని, మించిపోవచ్చునని 2008లో నివేదిక పేర్కొన్నది. ఆ సంవత్సరం మే 1వ తేదీన ఆ ప్రాంతం మూసివేయబడింది.

ఊపిరితిత్తుల లోతుకు చేరిన పొడవాటి పోగును శరీరపు రక్షకకణాలు పూర్తిగా మ్రింగలేవు. అక్కడ వాపు ఏళ్ళతరబడి కొనసాగి ఆస్‌బెస్టోసిస్, ఊపిరితిత్తుల కాన్సర్, మెసోథీలియోమా అనే వ్యాధులకు దారితీయవచ్చు. మెసోథీలియోమా బయటపడడానికి 20 నుండి 50 సంవత్సరాలు పట్టవచ్చు. నడివయస్సులో పీల్చినవానికంటె పద్నాలుగేళ్ళ వయస్సులో పీల్చినవానికి ముందున్న కాలం ఎక్కువ. కాబట్టి ముప్పుకూడ ఎక్కువ. ధూమపానం చేసేవారిలో ఊపిరితిత్తుల కాన్సర్ ప్రమాదం మరెన్నో రెట్లు పెరుగుతుంది.

ఇక్కడ శాస్త్రజ్ఞుల మధ్య భేదాభిప్రాయం లేకపోలేదు. సూదులవంటి నీలిరకం, గోధుమరకం రాతినారలతో పోలిస్తే క్రిసోటైల్ శరీరంలో మెగ్నీషియాన్ని కోల్పోయి త్వరగా శిథిలమవుతుంది. ఈ వాదన ఆధారంగా వాహనదారుల సంఘాలు మూసివేతను వ్యతిరేకించాయి. రాష్ట్రపు ఆఫ్-హైవే వాహనాల కమిషన్ చేయించగా 2011లో వెలువడిన అధ్యయనం కూడా ముప్పును చాలా తక్కువగా అంచనా వేసింది. అయినప్పటికీ క్రిసోటైల్‌తో సహా అన్ని రకాల రాతినారనూ అంతర్జాతీయ కాన్సర్ పరిశోధన సంస్థ కాన్సర్ కారకాలుగానే వర్గీకరించింది. క్రిసోటైల్ వినియోగాన్ని నిషేధిస్తూ అమెరికా ప్రభుత్వం 2024 మార్చిలో నిబంధన జారీచేసింది. క్లియర్ క్రీక్ విషయానికి వస్తే, 2014లో ఖరారైన ప్రణాళిక సుమారు 30,000 ఎకరాల సర్పెంటైన్ ప్రాంతంలో వినోదవాహనాల సంచారాన్ని నిషేధించి, అనుమతిపత్రంతో పరిమితమైన రాకపోకలను మాత్రమే మిగిల్చింది. తిరిగి తెరవాలని కోరే బిల్లులు ఆ తరువాత కాంగ్రెసులో పలుమార్లు ప్రవేశపెట్టబడ్డాయి. తాము ఎరిగి స్వీకరించే ప్రమాదాన్ని ప్రభుత్వం ఎందుకు అడ్డగించాలన్న వాహనదారుల ప్రశ్న త్రోసిపుచ్చదగినది కాదు. అయితే వెనుక సీటులో కూర్చున్న బాలుడు దేనినీ ఎరిగి స్వీకరించడు.

ఈ ఖనిజం తెలుగువారికి పరాయిది కాదు. కడప జిల్లాలోని పులివెందుల ప్రాంతంలో తెల్ల రాతినార తవ్వకాలు జరిగాయి. ఆంధ్రదేశంలో ఎన్నో ఇళ్ళకు నీడనిచ్చిన సిమెంటు రేకులలోని బలం ఈ నారదే. రేకు చెక్కుచెదరకుండా ఉన్నంతవరకు భయం తక్కువ; దానిని కోసినప్పుడు, పగులగొట్టినప్పుడు ధూళి లేస్తుంది. కొండదారిలో చక్రం చేసేపని కూడా సరిగ్గా అదే.

కొండదారులన్నీ ప్రమాదకరమని దీని అర్థం కాదు. సర్పెంటైన్ లేని పర్వతాలే అధికం. కానీ అది కాలిఫోర్నియాకు మాత్రమే పరిమితం కాదు. అప్పలాచియన్ శ్రేణిలో వెర్మాంట్ నుండి దక్షిణంగా పలుచోట్ల ఉన్నది. సహజంగా రాతినార లభించే స్థలాల పటాలను అమెరికా భూగర్భ సర్వేక్షణ సంస్థ 2005 నుండి ప్రాంతాలవారీగా ప్రచురించింది. ప్రయాణానికి ముందు వెళ్ళదలచిన స్థలాన్ని అందులో చూసుకోవడం పెద్ద శ్రమ కాదు. అనుమానమున్నచోట పిల్లలను తీసుకొనిపోకపోవడమే మేలు. ముక్కుకు కట్టుకున్న చేతిరుమాలు ఇంత సన్నని పోగులను ఆపలేదు. తిరిగివచ్చేటప్పుడు బట్టలకు, బూట్లకు, వాహనానికి అంటిన ధూళిని పొడిగా దులపరాదు. నీటితో తడిపి కడగాలి. లేకపోతే కొండమీది ధూళి నేపర్‌విల్‌లోని గరాజి వరకు వస్తుంది. ఆ దారిలో ఏనాడూ అడుగుపెట్టని ఇంటివారు కూడా దానిని పీలుస్తారు.