ప్లాన్ 9: 'ప్రపంచంలోనే చెత్త సినిమా'కి ఇంతమంది ఫ్యాన్స్ ఎందుకు?

ఒకే సీన్‌లో పగలూ రాత్రీ రెండూ చూపించే దమ్మున్న డైరెక్టర్ ఎవరు? చనిపోయిన నటుడిని సినిమాకి ప్రధాన ఆకర్షణగా నిలబెట్టిన మొనగాడు ఎవరు? సెట్‌లో సమాధి రాళ్లు ఊగుతున్నా 'షాట్ ఓకే' అనేసే ఆ కాన్ఫిడెన్స్ ఎవరిది? ఇంకెవరిది.. ది గ్రేట్ ఎడ్ వుడ్‌ది!

'ప్లాన్ 9 ఫ్రమ్ ఔటర్ స్పేస్' గురించి హాలీవుడ్ కల్ట్ సినిమాల అభిమానులు మాట్లాడుకునే తీరు ఇలాగే ఉంటుంది. ఇది పొగడ్తా, వెటకారమా అంటే.. రెండూ. ఇంతకీ ఈ సినిమాలో ఏముంది?

కథేంటంటే..

గ్రహాంతరవాసులు ఎగిరే పళ్లేల్లో అమెరికా వస్తారు. సూర్యకాంతినే పేల్చేసే బాంబును మనుషులు కనిపెట్టేలోపే వాళ్లను ఆపాలన్నది వీళ్ల ఆలోచన. అందుకోసం వేసిన తొమ్మిదో ప్లాన్.. శ్మశానంలో శవాలను లేపడం. విశ్వాన్ని కాపాడటానికి ఇంత పెద్ద స్కెచ్ వేసి, చివరికి లేపింది ముగ్గురినే! బడ్జెట్ కష్టాలు గ్రహాంతరవాసులకూ తప్పలేదు మరి.

ముఖం కనపడని డూపు

1931లో వచ్చిన 'డ్రాకులా'తో స్టార్ అయిన బెలా లుగోసి 1956 ఆగస్టులో కన్నుమూశారు. ఆయనతో వుడ్ అప్పటికి తీసింది కొన్ని నిమిషాల ఫుటేజ్ మాత్రమే. అందులో మాటలు కూడా లేవు. ఇంకొకరైతే దాన్ని పక్కన పడేసేవారు. వుడ్ మాత్రం ఆ కాస్త ఫుటేజ్ చుట్టూ సినిమానే అల్లేశారు.

మిగతా సీన్లకి లుగోసి డూపుగా ఎవరిని పెట్టారో తెలుసా? తన భార్యకి వెన్నునొప్పి వైద్యం చేసే టామ్ మేసన్‌ని! ఆయన లుగోసి కంటే పొడుగు, పోలికలు కూడా కలవవు. అయినా ప్రాబ్లమ్ లేదు. నల్లటి కేప్‌ని ముఖానికి అడ్డం పెట్టుకుని సినిమా అంతా తిరిగేశారు.

బడ్జెట్ సుమారు 60 వేల డాలర్లు అంటారు. విమానం కాక్‌పిట్ అంటే ఓ కర్టెన్, రెండు కుర్చీలు. డబ్బు పెట్టింది బాప్టిస్ట్ చర్చికి చెందినవాళ్లు. వాళ్ల కోసం వుడ్‌తో పాటు కొందరు నటులు బాప్తిస్మం కూడా తీసుకున్నారు. మొదట పెట్టుకున్న టైటిల్‌లో 'సమాధుల దొంగలు' అని ఉండటం వాళ్లకి నచ్చలేదు. దాంతో పేరూ మారింది.

పేరొచ్చింది.. మనిషి లేడు

1957లో ప్రివ్యూ వేశారు. థియేటర్లకి వచ్చేసరికి 1959 అయింది. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఆ తర్వాత వుడ్‌కి అవకాశాలు తగ్గాయి, మద్యం అలవాటు పెరిగింది. 1978 డిసెంబర్‌లో అద్దె ఇంటి నుంచి గెంటేశారు. కొద్ది రోజులకే, డిసెంబర్ 10న, స్నేహితుడి ఇంట్లో ప్రాణం వదిలారు. అప్పటికి వయసు 54.

అసలు ట్విస్ట్ ఇక్కడే. ఆయన పోయిన రెండేళ్లకి, 1980లో మెడ్వెడ్ సోదరులు 'ది గోల్డెన్ టర్కీ అవార్డ్స్' అనే పుస్తకం తెచ్చారు. అందులో 'ప్లాన్ 9'కి ఆల్ టైమ్ చెత్త సినిమా అని, వుడ్‌కి చెత్త దర్శకుడు అని బిరుదులిచ్చారు. ఆ తిట్టే పబ్లిసిటీ అయిపోయింది. అంత చెత్తగా ఎలా ఉంటుందో చూద్దామని వచ్చినవాళ్లు ఫ్యాన్స్ అయిపోయారు.

1994లో టిమ్ బర్టన్ ఆయన జీవితంపై 'ఎడ్ వుడ్' సినిమా తీశారు. హీరో జానీ డెప్. లుగోసి పాత్ర చేసిన మార్టిన్ లాండౌకి ఉత్తమ సహాయ నటుడిగా ఆస్కార్ దక్కింది. మేకప్‌కి మరో ఆస్కార్. చెత్త దర్శకుడి కథకి రెండు ఆస్కార్లు!

మన 'సంపూ' లెక్క వేరు

తెలుగువాళ్లకి ఇలాంటి పొగడ్త కొత్తేం కాదు. 2014లో 'హృదయ కాలేయం' వచ్చినప్పుడు 'బర్నింగ్ స్టార్' సంపూర్ణేష్ బాబుని మనమూ ఇలాగే ఆకాశానికెత్తాం. రాజమౌళి ట్వీట్‌తో రిలీజ్‌కి ముందే హైప్ వచ్చింది. కానీ అక్కడ జోక్ ఏంటో తీసినవాళ్లకి తెలుసు. మన మాస్ సినిమాలపై కావాలనే తీసిన సెటైర్ అది. నవ్వులు, పేరు వాళ్లకే దక్కాయి. స్టీవెన్ శంకర్ పేరుతో దాన్ని తీసిన సాయి రాజేశ్.. తర్వాత 'బేబీ'తో స్క్రీన్‌ప్లేకి జాతీయ అవార్డు కూడా అందుకున్నారు.

వుడ్ మాత్రం జోక్ చేయలేదు. నిజంగానే గొప్ప సినిమా తీస్తున్నా అనుకున్నారు. డబ్బు లేదు, టైమ్ లేదు, లుగోసి కూడా లేరు. అయినా ఆగలేదు. ఫ్యాన్స్ పొగడ్తల్లో వెటకారం కింద దాగున్న అసలు ఇష్టం దీని మీదే. కోట్లు పోసి తీసిన యావరేజ్ సినిమాలు ఎన్నో మర్చిపోయాం. ఊగే సమాధి రాళ్లు మాత్రం దాదాపు 70 ఏళ్లుగా గుర్తున్నాయి.

బర్టన్ తన సినిమాని 'ప్లాన్ 9' ప్రీమియర్‌తోనే ముగించారు. అందులో హాలు నిండా జనం ఉంటారు. నిజం వుడ్‌కి అలాంటి హాలు దొరికేసరికి ఆయన లేరు. ఈసారి 'ప్లాన్ 9' చూస్తే హాయిగా నవ్వుకోండి. కానీ టైటిల్స్‌లో ఆ పేరు పడ్డప్పుడు ఓ చప్పట్టు కూడా కొట్టండి.