వార్తల్లో పదం: సాగు బాగు

2021లో నల్ల తామర పురుగు మిరప తోటల్ని ఊడ్చేసినప్పుడు మహబూబాబాద్ జిల్లా కురవి వైపు రైతులు దుకాణదారు ఏ మందు చెబితే అది కొట్టారు. పెట్టుబడి మందులకే పోయింది. ఇలాంటి చోటే అక్కరకొచ్చేది ‘సాగు బాగు’.

తెలంగాణ ప్రభుత్వం, వరల్డ్ ఎకనామిక్ ఫోరం 2022లో పొరుగునే ఉన్న ఖమ్మం జిల్లాలో 7,000 మంది మిరప రైతులతో ఈ ప్రయోగం చేపట్టాయి. అమలు బాధ్యత డిజిటల్ గ్రీన్ సంస్థది. పంట దశను బట్టి తెలుగులో వాట్సాప్ సలహాలు, మట్టి పరీక్ష, కొనుగోలుదారులను కలిపే డిజిటల్ వేదిక ఇందులో భాగం.

వీటితోపాటు ఇందులో ఉన్న కాయ నాణ్యత పరీక్ష నన్ను ఎక్కువగా ఆకట్టుకుంది. మార్కెట్ యార్డులో వ్యాపారి బస్తాలోకి చెయ్యి పెట్టి, గుప్పెడు కాయలు తీసి, ‘తాలు ఎక్కువుంది’ అంటే ధర పడిపోతుంది. కాయ ఫొటోను కృత్రిమ మేధ పరిశీలించి రంగు, నాణ్యత చెబితే, బేరంలో రైతు చేతిలోనూ ఓ ఆధారం ఉంటుంది.

ఎకరా దిగుబడి 21 శాతం పెరిగిందని, పురుగుమందులు 9 శాతం, ఎరువులు 5 శాతం తగ్గాయని, ధర 8 శాతం మెరుగైందని ఫలితాలు ప్రకటించారు. నేలకు విషం తగ్గి, రైతుకు రాబడి పెరగడమే ఇందులో అసలు సంగతి. 2023లో దీన్ని 10 జిల్లాల్లో 5 లక్షల మందికి విస్తరిస్తామన్నారు. కౌలు రైతులకు, స్మార్ట్‌ఫోన్ లేని మహిళా రైతులకు సలహాలు చేరవేసే పని మాత్రం ఊళ్లోని రైతు ఉత్పత్తిదారుల సంఘాలే భుజాన వేసుకోవాలి.