తీగలు తీసిన తరువాత: పంటి పింగాణీ, దాని నిత్య సంరక్షణ

“మొక్కై వంగనిది మానై వంగునా” అనే సామెతను పిల్లల చదువు విషయంలోనూ, అలవాట్ల విషయంలోనూ మనం తరచుగా వాడుతూ ఉంటాము. పళ్ళ విషయంలో మాత్రం ఈ సామెత సగమే నిజం. పన్నెండు, పదమూడేళ్ళ వయస్సులో పళ్ళను సులభంగా కదిలించవచ్చుననే మాట వాస్తవమే. కాని నలభై ఏళ్ళు వచ్చినా, అరవై ఏళ్ళు వచ్చినా పళ్ళు కొద్దికొద్దిగా కదులుతూనే ఉంటాయి. చిక్కంతా అక్కడే ఉన్నది.

అమెరికాలో స్థిరపడిన మన కుటుంబాలలో పిల్లల పళ్ళకు బ్రేసెస్ వేయించిన ఇళ్ళు ఎన్నో కనిపిస్తాయి. ఆంధ్రదేశంలో వీటినే ‘క్లిప్పులు’ అంటారు. సుమారు రెండేళ్ళపాటు వైద్యుని చుట్టూ తిరిగి, కొన్ని వేల డాలర్లు వెచ్చించి, తీగలు తీసిన రోజున ఫోటో తీసి తాతయ్యకూ అమ్మమ్మకూ పంపిన తరువాత, పని ముగిసిందనే భావం ఇంటిల్లిపాదికీ కలుగుతుంది. శాస్త్రరీత్యా చూస్తే ఇంకా రెండు పనులు మిగిలి ఉంటాయి. తీగల చాటున దెబ్బతిన్న పింగాణీ పొర కోలుకొనేటట్లు చూడడం మొదటిది. కదిలిన పళ్ళను కొత్త స్థానంలో నిలపడం రెండవది. ఇందుకై ప్రతిరోజూ ఏమి చేయాలో, ఎందుకు చేయాలో వివరించడమే ఈ వ్యాసోద్దేశం.

పింగాణీ పొర స్వభావం

పంటిపై కనిపించే తెల్లని పొరను పాఠ్యపుస్తకాలలో పింగాణీ అని, ఎనామిల్ అని చదువుకున్నాము. మన శరీరంలో ఇంతకంటె గట్టి పదార్థం మరొకటి లేదు. దీని బరువులో సుమారు 96 శాతం ఖనిజమే. ఆ ఖనిజం పేరు హైడ్రాక్సీ ఎపటైట్. పది కాల్షియం అయాన్లు, ఆరు ఫాస్ఫేట్లు, రెండు హైడ్రాక్సిల్ అయాన్లు ఒక క్రమంలో పేర్చుకొనగా ఏర్పడిన స్ఫటికం అది. చర్మం తెగితే మానుతుంది, ఎముక విరిగితే అతుకుతుంది. కాని పింగాణీని తయారుచేసే జీవకణాలు పన్ను చిగురును చీల్చుకొని బయటికి వచ్చేనాటికే నశిస్తాయి. కనుక ఒకసారి గుంటపడిన పింగాణీ తిరిగి పెరగదు.

ఇంత గట్టి పదార్థానికి ఒక బలహీనత కలదు. అది ఆమ్లంలో కరుగుతుంది. మనం తిన్న చక్కెరను నోటిలోని సూక్ష్మజీవులు పులియబెట్టి లాక్టికామ్లం వంటి ఆమ్లాలను తయారు చేస్తాయి. వీటిలో ముఖ్యమైన స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్‌ను క్లార్క్ అనే శాస్త్రజ్ఞుడు 1924లో వర్ణించాడు. నోటిలోని పీహెచ్ సుమారు 5.5 కంటె తగ్గితే హైడ్రోజన్ అయాన్లు హైడ్రాక్సిల్‌ను నీటిగా మార్చివేస్తాయి, ఫాస్ఫేటును తమవైపు లాగుకొంటాయి. అప్పుడు స్ఫటికం నుండి కాల్షియం, ఫాస్ఫేటు బయటికి జారుకొంటాయి. తరువాత లాలాజలంలోని బైకార్బొనేటు ఆ ఆమ్లాన్ని తటస్థం చేయగా, లాలాజలంలోనే ఉండే కాల్షియం, ఫాస్ఫేటు తిరిగి పింగాణీలోకి చేరుతాయి. ఈ కోలుకోవడానికి సాధారణంగా అరగంట నుండి గంట వరకు పడుతుంది. ఆ వ్యవధి పూర్తికాకముందే మరొక గుక్క కోలా తాగితే గడియారం మళ్ళీ మొదటికి వస్తుంది. ఎంత తీపి తిన్నామనే దానికంటె రోజుకు ఎన్నిమార్లు తిన్నామన్నదే ముఖ్యమని, పళ్ళకు అంటుకొనే తీపి మరింత హానికరమని స్వీడన్‌లోని విపెహోల్మ్‌లో జరిపిన అధ్యయనం 1954లో వెల్లడించింది. మన అరిసెలు, వేరుశనగ అచ్చులు, బెల్లపు పాకం ఉండలు ఈ అంటుకొనే జాతికి చెందినవే. పండుగపూట భోజనంతోపాటు తిని నోరు పుక్కిలించితే కలిగే హాని స్వల్పం. డబ్బా పక్కన పెట్టుకొని సాయంత్రమంతా ఒక్కొక్కటిగా నమలడం వలననే ముప్పు.

తెల్లమచ్చలు ఎందుకు కనిపిస్తాయి?

తీగలు తీసిన రోజున కొందరు పిల్లల పళ్ళపై, బ్రాకెట్ అతికించిన చోటు చుట్టూ, ముఖ్యంగా చిగురువైపున, సుద్దవలె తెల్లని మచ్చలు కనిపిస్తాయి. బ్రాకెట్ చుట్టూ పాచి నిలిచిపోతే నాలుగు వారాలలోనే ఇటువంటి మచ్చ ఏర్పడగలదు.

ఈ తెలుపు వెనుక చిన్న భౌతికశాస్త్ర రహస్యమున్నది. తెల్లని పంచె తడిస్తే లోపలి రంగు కనిపిస్తుంది. ఆరితే మళ్ళీ తెల్లబడుతుంది. నూలుపోగుల మధ్య గాలి ఉన్నప్పుడు కాంతి ఎక్కువగా చెదరిపోతుంది, నీరు చేరితే తక్కువగా చెదరిపోతుంది. పింగాణీ వక్రీభవన గుణకం సుమారు 1.62, నీటిది 1.33, గాలిది 1. ఖనిజం కరిగిపోయి ఏర్పడిన సూక్ష్మరంధ్రాలలో నీరు ఉంటే మచ్చ లీలగానూ, గాలి ఉంటే స్పష్టంగానూ కనిపిస్తుంది. దంతవైద్యుడు పంటిని గాలితో ఆరబెట్టి చూసేది ఇందుకే.

మచ్చపడిన చోట గుంట ఇంకా పడలేదు గనుక అది కోలుకొనే అవకాశమున్నది. తీగలు తీసిన తరువాతి మాసాలలో శుభ్రత బాగుంటే, లాలాజలం వలననే చాలా మచ్చలు కొంతమేరకు తగ్గుతాయి. కాబట్టి తొందరపడి పళ్ళను తెల్లబరచే మందులు కొని వాడరాదు. గాఢమైన ఫ్లోరైడును కూడ వైద్యుని సలహాతోనే వాడవలెను. పైపొర త్వరగా గట్టిపడి మూసుకొనిపోతే లోపలి మచ్చ అలాగే ఉండిపోవచ్చును. తగ్గని మచ్చలకు సుమారు 1.5 వక్రీభవన గుణకం గల పలుచని రెజిన్‌ను రంధ్రాలలోకి ఇంకింపజేసే చికిత్స కూడ నేడు లభ్యమవుతున్నది. తడిసిన పంచె సూత్రమే అక్కడా పనిచేస్తుంది.

ఫ్లోరైడు: నల్గొండ నీరు, పంటి పేస్టు

ఫ్లోరైడు పేరు వినగానే మనవారిలో కొందరు ఉలిక్కిపడతారు. అందుకు కారణం లేకపోలేదు. నాటి మద్రాసు ప్రెసిడెన్సీలో, నెల్లూరు జిల్లా ప్రజలలో ఫ్లోరోసిస్ వ్యాధిని షార్ట్ ప్రభృతులు 1937లో వర్ణించారు. నల్గొండ జిల్లాలో వంకరపోయిన కాళ్ళు, బిగిసిన వెన్నులు చూసినవారు ఆ దృశ్యాన్ని మరువలేరు. పటికతోనూ సున్నంతోనూ నీటిలోని ఫ్లోరైడును తగ్గించే పద్ధతికి శాస్త్రజ్ఞులు ‘నల్గొండ పద్ధతి’ అనే పేరే పెట్టారు.

అటువంటి పదార్థాన్ని పంటి పేస్టులో ఎందుకు కలుపుతున్నారు? జవాబు మోతాదులోనూ, మార్గంలోనూ ఉన్నది. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది. ఎక్కువ ఫ్లోరైడు గల నీటిని ఏళ్ళ తరబడి మింగడం వలన ఎముకలకు హాని కలుగుతుంది. పేస్టులో సాధారణంగా పదిలక్షల భాగాలకు 1,000 నుండి 1,500 భాగాల ఫ్లోరైడు ఉంటుంది గాని, దానిని మనం ఉమ్మివేస్తాము. పంటి ఉపరితలంపై నిలిచిన ఫ్లోరైడు, ఖనిజం తిరిగి చేరేటప్పుడు హైడ్రాక్సిల్ స్థానాన్ని ఆక్రమిస్తుంది. అలా ఏర్పడిన స్ఫటికం మరింత పటిష్ఠమైనది. పీహెచ్ సుమారు 4.5కు పడిపోయేవరకు కరగదు. మింగే వయస్సులోని చిన్నపిల్లలకు మాత్రం జాగ్రత్త అవసరం. మూడేళ్ళలోపు వారికి బియ్యపుగింజంత, మూడు నుండి ఆరేళ్ళ వారికి బఠాణీగింజంత పేస్టు చాలును.

పళ్ళు వెనుకకు ఎందుకు జరుగుతాయి?

పంటి వేరు దవడ ఎముకలో మేకువలె దిగగొట్టబడి లేదు. రెంటి మధ్య సన్నని నారపొర ఊయలవలె పంటిని పట్టి ఉంచుతుంది. తీగ ఒకవైపు నెట్టినప్పుడు ఆ వైపున కొన్ని కణాలు ఎముకను కరిగిస్తాయి, రెండవ వైపున మరికొన్ని కణాలు కొత్త ఎముకను కడతాయి. తీగలు తీసిన తరువాత ఈ నారపొర తిరిగి కుదురుకొనడానికి మూడు, నాలుగు నెలలు పడుతుంది. చిగురులోని కొల్లాజెన్ నారలకు నాలుగు నుండి ఆరు నెలలు పడుతుంది. పంటి మెడ వద్ద ఉండే సాగే నారలకు ఏడాది, అంతకు మించి కూడ పట్టవచ్చును. కుక్కల పళ్ళను తిప్పి చేసిన ప్రయోగాలలో, 232 రోజులు కట్టి ఉంచిన తరువాత కూడ ఆ నారలు సాగదీసినట్లే ఉన్నాయని నార్వే దేశస్థుడైన రైతాన్ 1959లో తెలియజేశాడు. సాగదీసిన రబ్బరు వెనుకకు లాగుతుంది గదా!

ఆ తరువాత కూడ నిశ్చింతగా ఉండడానికి వీలులేదు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన లిటిల్ ప్రభృతులు 65 మంది పళ్ళను, రిటైనర్లు మానిన పదేళ్ళకు పైబడిన తరువాత పరిశీలించి 1981లో ఫలితాలు ప్రకటించారు. సుమారు మూడింట రెండు వంతుల మందిలో కింది ముందుపళ్ళు సంతృప్తికరంగా నిలువలేదు. కనుకనే నేటి వైద్యులలో పలువురు, పళ్ళ వరుస నిలవాలని కోరుకొన్నంతకాలం రాత్రిపూట రిటైనర్ ధరించమని చెబుతున్నారు. దీనిని తెలుగులో ‘నిలుపుడు పట్టీ’ అనుకొందాము.

పట్టీలు, వాటి శుభ్రత

ఈ పట్టీలు ముఖ్యంగా మూడు రకాలు. తీగ, యాక్రిలిక్ కలిపి చేసిన హాలీ పట్టీ మొదటిది. గాజువలె కనిపించే పలుచని ప్లాస్టిక్ తొడుగు రెండవది. ముందుపళ్ళ వెనుక శాశ్వతంగా అతికించే సన్నని తీగ మూడవది.

ప్లాస్టిక్ తొడుగు వేడికి మెత్తబడే పాలిమర్‌తో తయారవుతుంది. వేడిచేసి పళ్ళ అచ్చుపై నొక్కడం వలననే దానికి ఆ ఆకారం వచ్చినది. మరల వేడి తగిలితే ఆ ఆకారం పోతుంది. కాబట్టి మరిగే నీరు, పాత్రలు కడిగే యంత్రం, ఎండలో నిలిపిన కారు, ఈ మూడూ దానికి శత్రువులు. చల్లని లేక గోరువెచ్చని నీటితో, గిన్నెలు తోమే ద్రవసబ్బు చుక్కతో, మెత్తని బ్రష్షుతో రుద్దితే చాలును. పంటి పేస్టులోని సన్నని రాపిడి కణాలు ప్లాస్టిక్‌పై గీతలు పెడతాయి. ఆ గీతలలో సూక్ష్మజీవులు తలదాచుకొంటాయి. బట్టల బ్లీచి వాడితే హాలీ పట్టీలోని లోహం తుప్పు పడుతుంది.

మన వంటింటికి ప్రత్యేకించిన సంగతి ఒకటి కలదు. పసుపులోని కర్‌క్యుమిన్ నీటిలో కరగదు గాని నూనెలో కరుగుతుంది. ప్లాస్టిక్‌ను బాగా పట్టుకొంటుంది. తొడుగు పెట్టుకొని పప్పూ కూరా తింటే వారం తిరగకుండానే అది పచ్చబడవచ్చును. తీపి టీ, పండ్లరసం తాగినా అవి తొడుగు లోపల చేరి పళ్ళను నానబెడతాయి; లాలాజలానికి అక్కడ ప్రవేశం ఉండదు. తొడుగు నోటిలో ఉన్నప్పుడు మంచినీరు తప్ప మరేదీ తాగరాదు.

ఒక దినచర్య

ఉదయం లేవగానే తొడుగు తీసి కడిగి, ఆరనిచ్చి, డబ్బాలో ఉంచాలి. రెండు నిమిషాలపాటు మెత్తని బ్రష్షును చిగురు అంచుకు 45 డిగ్రీల వాలులో పట్టి, చిన్నచిన్న కదలికలతో తోమాలి. చింతపండు పులుసు, నిమ్మరసం, కోలా వంటి పుల్లనివి తీసుకొన్న వెంటనే తోమరాదు. మెత్తబడిన పింగాణీ రాపిడికి అరుగుతుంది. నీటితో పుక్కిలించి, అరగంట పైబడి ఆగడం మంచిది. ఊరినుండి వచ్చిన పెద్దలు బొగ్గుపొడి మంచిదని చెబితే, వారి అనుభవాన్ని గౌరవిస్తూనే, మచ్చలున్న పంటిపై ఆ గరుకు పొడి తగదని చెప్పవలెను. వేపపుల్ల ముందుపళ్ళను తోమగలదు గాని, పళ్ళ వెనుక అతికించిన తీగ కిందికి చేరలేదు.

పాఠశాలలో భోజనానికి తొడుగు తీసేవారు దానిని కాగితపు రుమాలులో చుట్టరాదు. అది భోజనపు పళ్ళెంతోపాటు చెత్తబుట్టలోకి పోవడం నిత్యం జరిగే కథ. డబ్బా ఎప్పుడూ సంచిలో ఉండవలెను.

రాత్రి తోమడం అన్నిటికంటె ముఖ్యం. నిద్రలో లాలాజలం ఊరడం బాగా తగ్గిపోతుంది కనుక, పళ్ళ మధ్య మిగిలిన ఆహారం ఉదయం వరకు ఆమ్లాన్ని తయారు చేస్తూనే ఉంటుంది. ముందుగా దారంతో పళ్ళ సందులు శుభ్రపరచాలి. అతికించిన తీగ ఉన్నవారు గట్టి కొస గల దారాన్ని తీగ కిందుగా దూర్చి తీయాలి. తరువాత ఫ్లోరైడు పేస్టుతో తోమి, నురుగు ఉమ్మివేసి, నీటితో పుక్కిలించకుండా వదలివేయాలి. ఆ పలుచని పూతే రాత్రంతా పనిచేసే మందు. చివరగా శుభ్రమైన తొడుగు ధరించి నిద్రించాలి.

వారానికొకసారి అతికించిన తీగను నాలుకతో, వేలితో తడిమి చూడాలి. ఒక్క పంటి వద్ద అతుకు ఊడినా ఆ పన్ను చడీచప్పుడు లేకుండా పక్కకు జరగవచ్చును. తొడుగు బిగుతుగా అనిపిస్తే పళ్ళు కదలడం ఆరంభించినట్లు గ్రహించాలి. అసలు పట్టకపోతే బలవంతంగా నొక్కక, వెంటనే వైద్యునికి చూపించాలి.

ఇల్లు విడిచే వేళ

బ్రేసెస్ తీసిన పిల్లలు కొద్ది ఏళ్ళకే కళాశాలకు వెళతారు. అంతవరకు “తొడుగు పెట్టుకొన్నావా?” అని రాత్రి అడిగే అమ్మ అక్కడ ఉండదు. వేసవిలో స్వదేశానికి వెళ్ళినప్పుడు కూడ నెల, నెలన్నర ఈ క్రమం తప్పుతుంది. పట్టీ ఇక్కడి సొరుగులోనే ఉండిపోతుంది. ప్రయాణంలో దానిని పెద్ద పెట్టెలో గాక చేతిసంచిలో ఉంచుకోవాలి. వీలైతే అదనపు తొడుగొకటి ముందుగానే చేయించి పెట్టుకోవాలి. పళ్ళు మళ్ళీ వంకరపోయిన తరువాత విచారించడం చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనడమే. రెండవమారు తీగలు వేయించాలంటే ధనమూ కాలమూ రెండూ మళ్ళీ కావాలి.

అందుచేత, ఇల్లు విడిచేలోగా ఈ క్రమానికి గల కారణాలను పిల్లలకే బోధపరచడం తల్లిదండ్రులు చేయదగిన పని. పీహెచ్ అంటే ఏమిటో, పాలిమర్ వేడికి ఎందుకు మెత్తబడుతుందో వారు పాఠశాలలో చదువుకొనే ఉంటారు. ఆ పాఠాన్ని వారి నోటికే అన్వయించి చెప్పండి. కారణం తెలిసిన పని, అడిగేవారు లేకపోయినా, సాగే అవకాశం ఎక్కువ.