దండులోని దఫ్తరు

రణరంగమున కత్తి ఝళిపించినవానికి కవులు కలరు, శిల్పులు కలరు. ఆ వీరుని పేరు హాజరుపట్టీలో వ్రాసి, వానికి నెలజీతము ముట్టునట్లు చూచి, వాడు కూలిన వార్తను ఇంటికంపి, వాని భార్యకు పింఛను వచ్చుటకు వలయు కాగితములను భద్రపరచిన గుమాస్తాకు మాత్రము ఏ కవియు లేడు. కౌటిల్యుడు ఈ సంగతి నెరిగినవాడు. లెక్కపత్రములుండు అక్షపటలమునకు తన అర్థశాస్త్రమున ఒక అధ్యాయమునే కేటాయించెను. అమెరికా సంయుక్త రాష్ట్రములలో సైన్యపు గుమాస్తాల పక్షమున పనిచేయు సంఘమొకటి కలదు. దానిని గూర్చి మన పాఠకులకు తెలుపుట అప్రస్తుతము కాదని తలంచుచున్నాము.

అడ్జుటంట్ జనరల్స్ కోర్ రెజిమెంటల్ అసోసియేషన్ అని దాని పేరు. అడ్జుటంట్ జనరలు శాఖ యనగా సైన్యమునందు మనుష్యుల లెక్క చూచు శాఖ. నియామకములు, బదిలీలు, పదోన్నతులు, హతుల పట్టీలు, క్షతగాత్రుల పట్టీలు, తపాలా, అన్నియు దాని పాలివే. సంఘము ప్రభుత్వపు కచేరీ కాదు. లాభాపేక్ష లేక, కొలువులో నున్నవారును కొలువు విడిచినవారును తమంత తాము చేరి నడపుకొనుచున్నది. ఆ శాఖవారి శిక్షణాలయము దక్షిణ కరొలైనా రాష్ట్రమున కొలంబియా పట్టణమునందలి జాక్సన్ కోటలో కలదు. సంఘమువారు పత్రిక నొకదానిని వెలువరించుచు, మంచి సేవ చేసినవారికి హొరేషియో గేట్స్ పేరిట పతకముల నొసగుచున్నారు. పత్రికకు వారు పెట్టుకొన్న పేరు ‘1775’.

ఆంగ్లేయులపై తిరుగబడిన వలసల కాంగ్రెసు (మన కాంగ్రెసుకంటె నూరేండ్లకు పైగా పెద్దది) ఆ సంవత్సరము జూన్ 16వ తేదీన ఈ పదవిని సృజించి, మరునాడు గేట్సును నియమించెను. ఆంగ్లేయుల దండులోనే పని నేర్చి వారికే ఎదురు నిలిచినవాడాతడు. జూలైలో వాషింగ్టను బోస్టను చెంత సైన్యాధిపత్యమును వహించి, తన క్రింద భటులెందరని యడుగగా, గంటలలో తేలవలసిన ఆ లెక్క తేలుటకు దాదాపు వారము దినములు పట్టెను! ఆ గందరగోళమును క్రమమునకు తెచ్చు భారము గేట్సుపై పడెను. తరువాత 1777లో సరటోగా విజయమువలన ఆతని పేరు మారుమ్రోగినది. 1780లో కామ్డెనువద్ద ఘోరముగ నోడి, ఆ దినముననే ఇంచుమించు 60 మైళ్లు గుఱ్ఱముపై పరుగిడెను. ఆ కామ్డెను నేటి జాక్సన్ కోటకు సమీపముననే యున్నది. అయినను సంఘమువారు ఆ పేరును విడువలేదు. యుద్ధమున నోడినవాడు దఫ్తరున గెలిచెనని వారి భావము గాబోలు.

అయితే ఈ శాఖ వారసత్వమంతయు పతకములకు తగినది కాదు. పట్టీ వ్రాయు చేయియే వర్ణభేదమును గూడ వ్రాసినది. 1941 డిసెంబరు 8న, అనగా జపాను దాడి జరిగిన మరునాడే, నల్లజాతి పత్రికా సంపాదకులు సైన్యమునందు సమత్వమును కోరగా, సైన్యము సాంఘిక ప్రయోగములు చేయుచోటు కాదని వారికి చెప్పినవాడు అడ్జుటంట్ జనరలు కచేరీ అధికారియే.

మూడేండ్లు గడచిన పిదప ఆ సైన్యమునకే ఒక యిబ్బంది వచ్చినది. ఐరోపాలోని అమెరికా భటులకు ఇంటినుండి వచ్చిన ఉత్తరములు, మూటలు కోటి డెబ్బది లక్షలు ఇంగ్లండులో పేరుకొనిపోయినవి. 1945 ఫిబ్రవరిలో 6888వ కేంద్ర తపాలా పటాలము బర్మింగ్‌హాము చేరినది. అందు 855 మంది స్త్రీలు, నల్లజాతివారు. వారి నాయకురాలు మేజరు చారిటీ ఆడమ్సు, పైన చెప్పిన కొలంబియా పట్టణముననే పెరిగినది. చలికొట్టములు, ఎలుకలు కొరికిన మూటలు, విమానదాడుల భయమున నల్లరంగు పూసిన కిటికీలు. ఒక రాబర్టు స్మిత్ అను పేరుగలవారే 7,500 మందికి పైగా నుండిరి. ఏ స్మిత్ ఏ దండులో నున్నాడో, బ్రతికియున్నాడో లేడో తేల్చుటకు వారు 70 లక్షల చీటీలు ఏర్పరచిరి. రేయింబవళ్లు మూడు వంతులుగా పనిచేసి, ఆరు మాసముల గడువిచ్చిన పనిని మూడు మాసములలో ముగించిరి. బిడ్డ వ్రాసిన ఉత్తరము చేరక కుమిలిన తల్లి యెవరైన ఈ పనిని గుమాస్తాపని యని తేలికగ ననునా?

ఇక కాగితము నశించిననాడు ఏమగునో చూడుడు. 1973 జూలై 12న సెయింట్ లూయీ నగరపు చెంతనున్న సైనిక దస్త్రశాలలో నిప్పంటుకొని 160 నుండి 180 లక్షల దస్త్రములు మాడిపోయినవి. 1912 మొదలు 1960 వఱకు కొలువు విడిచిన భూసేనవారి దస్త్రములలో నూటికి ఎనుబది పోయినవి. వానికి నకళ్లు లేవు. జీతపు పట్టీలు మున్నగు వానినుండి ఒక్కొక్కని సేవను తిరిగి కూర్చుకొనవలసి వచ్చెను.

ఇట్టి బాధ మనమెరుగనిది కాదు. 1972లో మన కేంద్ర ప్రభుత్వము స్వాతంత్ర్య సమరయోధులకు పింఛను ఏర్పరచినప్పుడు, సామాన్యముగ ఆరు మాసముల చెరకు నిదర్శనము కోరిరి. చెరసాల దస్తావేజు దొరకనిచో తోడి ఖైదీ సాక్ష్యము తేవలెను. తోడి ఖైదీ గతించియుండినచో? దేశమునకై లాఠీదెబ్బలు తిన్నవాడు ఒక చీటికై కచేరీల మెట్లెక్కవలసి వచ్చుట మన పల్లెల పెద్దలకు తెలిసిన కథయే. అడంగలులో పేరులేని రైతు అవస్థ ఎట్టిదో దానిని తలచుకొన్నను చాలును.

6888వ పటాలమువారు స్వదేశము చేరినపుడు వారికి ఊరేగింపులు జరుగలేదు. అమెరికా కాంగ్రెసు స్వర్ణపతకమునకు శాసనము చేసినది 2022లో. ఆడమ్సు అంతకు ఇరువదేండ్ల ముందే గతించినది. 2023లో వర్జీనియాలోని లీ కోటకు, గ్రెగ్ అను నల్లజాతి సేనాని పేరును ఆడమ్సు పేరును కలిపి పెట్టిరి. రెండేండ్లు నిండిన కొలదికాలమునకే, 2025లో, ఆ పేర్లను తీసివేసి లీ పేరునే నిలిపిరి. ఈతడు వేరొక లీ యని, అతడును నల్లజాతి భటుడేయని సమాధానము చెప్పిరి. ఆ సమాధానము మాకు రుచింపలేదు.

కోట ద్వారముపై పలకను అధికారులు మార్చగలరు. గుమాస్తాల సంఘమునకు కోటలు లేవు, సభ్యుల చందాయు పత్రికయు కలవు. ఆ పత్రికలో చారిటీ ఆడమ్సు పేరు అచ్చువేయుటకు ఎవరి ఉత్తరువును అక్కరలేదు.