యజమాని ఊరెళితే కుక్కకు దిక్కెవరు?

హాస్టల్ బోర్డు కాదు, వెనక పెరడు చూడాలి

గుడివాడ: ఇంటికి తాళం వేసి ఊరెళ్లేవారికి వెనకటి రోజుల్లో రెండే దిగుళ్లు. పాడిగేదెకు మేత ఎవరు వేస్తారు, రాత్రిళ్లు ఇల్లు ఎవరు కనిపెట్టుకుంటారు అని. గేదెను చుట్టాల ఇంటికి తోలేవారు. ఇంటిని కుక్కకు వదిలేవారు. ఆ కుక్కకు ఏ ఇంట్లోనైనా ఇంత ముద్ద దొరికేది. అది ఒక ఇంటి కుక్క కాదు, వీధి మొత్తానిది. ఇప్పుడు గేదెలు తగ్గాయి, ప్రహరీగోడలు పెరిగాయి. ఆ గోడల లోపల లాబ్రడార్లు, జర్మన్ షెపర్డ్‌లు, బొచ్చుకుక్కలు పెరుగుతున్నాయి. గేటు దాటి ఎరగని ఇలాంటి కుక్కను ఇంటికి తాళం పడే రోజున ఎవరికి అప్పగించాలన్నది ఇక్కడి పల్లెల్లోనూ, చిన్న పట్టణాల్లోనూ కొత్తగా వచ్చిన చిక్కు.

తిరుపతి వెళ్లి రావడానికి రెండు రోజులు. శబరిమలకు వారం. అంతవరకు ఎదురింటివారి మంచితనంతో గడిచిపోతుంది. అసలు తంటా అమెరికా ప్రయాణంతో వస్తోంది. కొడుకో కూతురో విదేశంలో లేని వీధి ఈ ప్రాంతంలో అరుదు. కూతురి పురిటికో, మనవడిని చూసుకోవడానికో తల్లిదండ్రులు బయలుదేరుతారు. సందర్శకుల వీసాపై వెళ్లినవారిని అక్కడ సాధారణంగా ఆరు నెలల వరకు ఉండనిస్తారు. పిల్లలు దూరమయ్యాక తోడు కోసం పెంచుకున్న కుక్క ఆ ఆరు నెలలూ ఇక్కడ దిక్కులేనిదవుతుంది. టిక్కెట్లు ఎప్పుడో కొంటారు. ఆవకాయ, గోంగూర పచ్చడి నెల ముందే పెడతారు. కుక్క సంగతి మాత్రం ప్రయాణానికి రెండు రోజుల ముందు గుర్తుకొస్తుంది. అప్పుడు దొరికిన మనిషికి, దొరికిన చోట అప్పగించి వెళ్లిపోతారు. తిరిగి వచ్చేసరికి కుక్క ఉంటే ఉన్నట్టు, లేకుంటే లేనట్టు.

మహాప్రస్థానంలో వెంట వచ్చిన కుక్కను వదిలి స్వర్గానికి రానని ధర్మరాజు ఇంద్రుడితో చెప్పాడు, నెగ్గాడు. నేటి ప్రయాణికుడికి ఆ వెసులుబాటు లేదు. రేబిస్ ఎక్కువగా ఉన్న దేశాల జాబితాలో మన దేశం ఉన్నందున, ఇక్కడి కుక్కలు రావాలంటే పాటించవలసిన నిబంధనలను అమెరికా 2024 ఆగస్టులో మార్చింది. మైక్రోచిప్ ఉండాలి, టీకా పత్రాలు ఉండాలి, రక్తపరీక్ష ఫలితం ఉండాలి, అది లేకపోతే అక్కడ కొన్నాళ్లు విడిగా ఉంచాలి. వెళ్లి వచ్చే వృద్ధ దంపతులకు ఇది అయ్యే పని కాదు. దేశంలోపల రైలు ప్రయాణమైతే దారి ఉంది కానీ అదీ తేలిక కాదు. ఏసీ ఫస్ట్ క్లాసులో రెండు బెర్తుల గదో, నాలుగు బెర్తుల గదో మొత్తంగా తమకే రిజర్వు అయితే కుక్కను వెంట ఉంచుకోవచ్చు. లేకుంటే గార్డు పెట్టెలోని బోనులో ఎక్కించాలి. మే నెలలో ఆ బోనులో ప్రయాణం కుక్కకు శిక్షే.

కనుక చాలామందికి మిగిలేది కుక్కను ఇక్కడే ఉంచి వెళ్లడం.

పాలేరు మంచివాడే, కానీ...

నమ్మకమైన మనిషి ఎవరైనా రాత్రిళ్లు ఆ ఇంట్లోనే పడుకుని, రెండు పూటలా అన్నం పెట్టగలిగితే కుక్కకు అంతకంటే మేలు లేదు. దానికి ఇల్లు తెలుసు, తన మూల తెలుసు, వీధిలో వచ్చేపోయే వారి అడుగుల చప్పుడు తెలుసు. యజమాని కనిపించని బెంగ ఒక్కటే ఉంటుంది. చోటు కూడా మారితే బెంగ రెండింతలు. అయితే ఆ మనిషి యజమానికి తెలిసినవాడైతే చాలదు, కుక్కకు తెలిసినవాడై ఉండాలి. ప్రయాణానికి పదిహేను రోజుల ముందు నుంచే అతని చేత అన్నం పెట్టించి, సాయంత్రం కాలవగట్టు మీద తిప్పించాలి. అతను పిలిస్తే తోక ఆడించే దాకా వచ్చిందంటే సగం పని అయినట్టే.

ఎక్కువమంది చేసేది వేరు. కుక్కను పాలేరు వెంట చేలో మోటారు షెడ్డుకు పంపుతారు. పాలేరు చెడ్డవాడు కాదు, తన ముద్దలో సగం దానికి పెడతాడు. కానీ అతనికి నీటి వంతులున్నాయి, కోతలున్నాయి, ఇల్లూ పిల్లలూ ఉన్నారు. ఇంట్లో ఫ్యాను కింద పడుకున్న కుక్క అక్కడ మూరెడు తాడుకు కట్టుబడి ఉంటుంది. పాములు తిరిగే చోటు. పక్క చేలో ఎలుకలకు పెట్టిన మందు ఉంటుంది. పురుగుమందు డబ్బాలు గట్టు మీద పడి ఉంటాయి. ఆ మాటకొస్తే ఎలుకల మూత్రం కలిసిన నీళ్లు తాగినా ముప్పే. లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు ఆ దారినే వస్తుంది. కుక్కలకే కాదు, చేలో దిగే మనుషులకూ వస్తుంది.

చుట్టాల ఇళ్లలో వదిలినప్పుడు తాడు కొరుక్కుని, ఎవరూ దారి చూపకుండానే పాత ఇంటికి నడిచి వచ్చేసిన కుక్కల సంగతి ఊళ్లలో చెప్పుకుంటూనే ఉంటారు. వచ్చి తాళం వేసిన గేటు ముందు పడుకుంటాయి. దారిలో లారీల కింద పడేవి, ఊరకుక్కల చేతిలో చిక్కేవి ఇల్లు చేరవు కాబట్టి వాటి సంగతి ఎవరూ చెప్పుకోరు. అందుకే కొత్త చోట కుక్కను ఉంచితే మొదటి వారం రోజులు గేటు తలుపు విషయంలో జాగ్రత్త పడాలని, మెడ బెల్టు మీద ఫోను నెంబరు చెరగకుండా రాయించాలని అనుభవం ఉన్నవారు చెబుతారు.

భోజనం వేళకు చెప్పకుండా వెళ్లాలి

విజయవాడ, గుంటూరు వంటి నగరాల్లో రోజుకింత అని తీసుకుని కుక్కలను ఉంచుకునే కేంద్రాలు వచ్చాయి. జనం వాడుకలో అవి కుక్కల హాస్టళ్లు. కొన్ని బాగా నడుస్తున్నాయి. కొన్నింటికి బోర్డు మీద రంగుల బొమ్మ తప్ప మరేమీ లేదు. రోజుకు 500 రూపాయలు అనుకున్నా ఆరు నెలలకు 90 వేలు అవుతుంది. అంత సొమ్ము పెట్టేవారు ఫోనులో మాట్లాడి, వీడియో చూసి తృప్తి పడటం విచిత్రం. కొబ్బరికాయ కొనేటప్పుడు కూడా చెవి దగ్గర పెట్టి ఊపి చూసేవాళ్లం మనం.

చూడవలసింది ముందు గది కాదు. అక్కడ కుర్చీలు, ఫోటోలు, అద్దాల తలుపులు ఉంటాయి. కుక్కలు పడుకునే వెనక భాగం చూపమని అడగాలి. వీలైతే ముందుగా చెప్పకుండా, మధ్యాహ్నం రెండు గంటలప్పుడో, అన్నం పెట్టే వేళకో వెళ్లాలి. లోపలికి రానివ్వకపోతే, ఎందుకు రానివ్వరో చెప్పకపోతే, తిరిగి వచ్చేయడమే మంచిది.

వెనక్కి వెళ్లాక తల ఎత్తి పైకప్పు చూడాలి. రేకుల షెడ్డు అయితే మన ఎండలకు అది పెనమే. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక చాపి రొప్పడమే దానికి చల్లబడే దారి. బొచ్చు దట్టంగా ఉన్నవి, పగ్ వంటి చప్పిడి ముక్కువి వేడికి ముందుగా పడిపోతాయి. తర్వాత నేల చూడాలి. మురుగు ఒక గదిలోంచి పక్క గదిలోకి పారుతోందా, విడిగా కాలవ ఉందా? నీళ్ల గిన్నెలో నాచు ఉందా? ఫినాయిల్ వాసన గుప్పుమంటే శుభ్రత అనుకుంటారు చాలామంది. కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్ మామూలు ఫినాయిల్‌కు లొంగదు. నేలలో నెలల తరబడి బతికి ఉంటుంది. దానికి బ్లీచింగ్ నీళ్లు కావాలి. దేనితో కడుగుతున్నారని అడిగితే తెలిసిన కేంద్రంవారు వెంటనే చెబుతారు.

అడగవలసినవి ఇంకా ఉన్నాయి. ఎన్ని కుక్కలకు ఎంతమంది పనివారు? రాత్రి అక్కడ మనిషి పడుకుంటాడా, తాళం వేసి వెళ్లిపోతాడా? ఆడ మగ కుక్కలను వేరుగా ఉంచుతారా? ఆడకుక్క సుమారు ఆరు నెలలకొకసారి ఎదకు వస్తుంది, దాదాపు మూడు వారాలు ఉంటుంది. ఆరు నెలల మజిలీలో ఒకసారైనా ఆ సమయం తగులుతుంది. అది పట్టించుకోని చోట వదిలితే, కూతురి పురిటికి వెళ్లి వచ్చిన యజమానికి ఇంట్లో ఇంకో పురుడు సిద్ధంగా ఉంటుంది. కుక్క చూలు 63 రోజులే.

కార్డు అడిగేవారే నయం

చాలామంది యజమానులకు కోపం తెప్పించేది టీకాల కార్డు అడగడం. కార్డు లేదని కుక్కను వెనక్కి పంపితే పొగరు అనుకుంటారు. నిజానికి కార్డు లేకుండా మీ కుక్కను చేర్చుకునే చోట, కార్డు లేని పక్క కుక్కనూ చేర్చుకున్నారని అర్థం. పది కుక్కలు ఒక్కచోట ఉంటే జబ్బు పాకడానికి ఎంతోసేపు పట్టదు. ఎముక గొంతులో ఇరుక్కున్నట్టు పొడిదగ్గు వచ్చే కెన్నెల్ కాఫ్‌కు ఆ పేరు రావడమే ఇలాంటి చోట్ల వల్ల. పార్వో సోకిన పిల్లకు వాంతులు, దుర్వాసనతో నెత్తురు విరేచనాలు పట్టుకుంటాయి. వైద్యం ఆలస్యమైతే రెండు మూడు రోజుల్లో ప్రాణం మీదికి వస్తుంది. గోమార్లు గోడ పగుళ్లలో దాక్కుని ఒక కుక్క నుంచి మరోదానికి ఎక్కుతాయి, వాటితో జ్వరం వస్తుంది. చిగుళ్లు పాలిపోయి, అన్నం మానేసి, కొన్నింటికి ముక్కు నుంచి నెత్తురు కారుతుంది.

అందుచేత టీకాలు ప్రయాణం ముందురోజు కాదు, కనీసం మూడు నాలుగు వారాల ముందే వేయించాలి. సూది వేసిన రోజే రక్షణ రాదు. రేబిస్ టీకా పిల్లకు మూడు నెలలు నిండాక మొదలుపెట్టి, ఆ తర్వాత పశువైద్యుడు చెప్పిన ప్రకారం ఏటా వేయిస్తూ ఉండాలి. ఏటా జులై 6న జూనోసిస్ దినం సందర్భంగా ప్రభుత్వ పశువైద్యశాలల్లో దీన్ని ఉచితంగా వేస్తారు. పార్వో, డిస్టెంపర్ వంటివాటికి టీకా వేరు. రేబిస్ సూది ఒక్కటి వేయించి అన్నీ అయిపోయాయనుకోవడం సర్వసాధారణంగా కనిపించే పొరపాటు. టీకాలు పూర్తికాని పిల్లను, బాగా ముసలిదాన్ని, రోజూ మందు మింగవలసినదాన్ని హాస్టల్‌లో వేయకుండా ఇంటివద్దే ఏర్పాటు చూడటం మేలు.

కుక్కల పెంపకం, అమ్మకాలపై కేంద్రం 2017లో తెచ్చిన నిబంధనల్లో పెంపకందారు అన్న మాట కిందికే హాస్టల్ నడిపేవారినీ చేర్చారు. రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు వద్ద నమోదు ఉందా అని అడిగే హక్కు మనకు ఉంది. ఇక 1960 నాటి జంతు హింస నివారణ చట్టం యజమాని వైపూ చూస్తుంది. మరీ పొట్టి గొలుసుతోనో, మరీ బరువు గొలుసుతోనో గంటల తరబడి కట్టేయడం నేరం. ఎప్పుడూ కట్టే ఉంచే కుక్కను తిప్పకపోవడం నేరం. ఆకలిదప్పులతో బాధపడేలా వదిలేసి పోవడమూ నేరమే. అయితే మొదటి తప్పుకు జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు. పది రూపాయలకు నేడు బస్టాండులో మంచి టీ రావడమే కష్టం. చట్టాన్ని చూసి ఎవరూ భయపడరనడానికి వేరే సాక్ష్యం అక్కరలేదు.

ఒక రాత్రి ఉంచి చూడాలి

చోటు నచ్చినా వెంటనే ఆరు నెలలకు అప్పగించకూడదు. ముందు ఒక రాత్రి, తర్వాత రెండు రోజులు ఉంచి తెచ్చుకోవాలి. రెండోసారి తీసుకెళ్లినప్పుడు ఆ గేటు దగ్గర కుక్క ఎలా ఉందో చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. కొంచెం వెనకాడటం సహజమే. తోక కాళ్ల మధ్య పెట్టి, వణికి, నేలకు కరుచుకుపోతే మాత్రం అక్కడ ఏదో జరిగిందని లెక్క.

ఇంట్లో తినే తిండే అక్కడా పెట్టించాలి. పెరుగన్నానికి అలవాటైనదానికి ఒక్కసారి సంచీ మేత పెట్టినా, సంచీ మేత తినేదానికి సాంబారన్నం పెట్టినా విరేచనాలు తప్పవు. ఉల్లిపాయ కుక్కకు పడదు, నెత్తురును చెడగొడుతుంది. ఉడికిన కోడి ఎముక చీలి పేగులకు గుచ్చుకుంటుంది. ఈ రెండూ పెట్టవద్దని కాగితం మీద రాసి ఇవ్వాలి. యజమానురాలు కట్టి విడిచిన పాతచీర ముక్కను పక్కగా వేస్తే కుక్క మొదటి రెండు రోజులు దాని మీదే ముడుచుకుని పడుకుంటుంది. పక్క ఉతికి ఇవ్వకూడదు, వాసన పోతుంది.

వదిలే రోజున తూకం వేయించి రాయించుకోవాలి. బస్తాల కాటా చాలు, కుక్కను ఎత్తుకుని ఒకసారి, ఒంటరిగా ఒకసారి ఎక్కితే లెక్క తేలుతుంది. నెలకోసారి తూకం చెప్పమని అడగాలి. రోజూ పంపే అర నిమిషం వీడియోలో కుక్క హుషారుగానే కనిపిస్తుంది, పక్కటెముకల సంగతి కాటా చెబుతుంది. జబ్బు చేస్తే ఏ డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలి, అడగకుండా ఎంతవరకు ఖర్చు పెట్టవచ్చు, ఫోను అందకపోతే ఊళ్లో ఎవరి మాట చెల్లుతుంది అన్నవి కాగితం మీద ఉండాలి. అక్కడ పగలైతే ఇక్కడ రాత్రి. నెత్తురు విరేచనాలు పట్టుకున్న కుక్క అవతలివారు నిద్ర లేచేదాకా ఆగలేదు. ఊళ్లో ఉన్న ఆ మనిషి నెలకు రెండుసార్లు స్వయంగా వెళ్లి చూసి రావాలి.

తిరిగి తెచ్చుకున్న రోజున సంబరపడి కడుపునిండా పెట్టకూడదు. కొద్దికొద్దిగా నీళ్లు, కాస్త అన్నం చాలు. చెవుల లోపల, కాలివేళ్ల సందుల్లో గోమార్లు వెతకాలి. దగ్గు, విరేచనాలు వారం పది రోజుల తర్వాత బయటపడవచ్చు, కనుక ఇంట్లో వేరే కుక్కపిల్ల ఉంటే రెండు వారాలు దూరంగా ఉంచాలి. ఒకటి రెండు రోజులు ముభావంగా ఉండి, పిలిచినా మూల నుంచి కదలకపోతే కంగారు పడనక్కర లేదు. అన్నం ముట్టకపోతే మాత్రం మర్నాడు పొద్దున్నే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాలి.