మీకు తెలుసా? బ్రేకుకీ ఆల్టర్నేటర్‌కీ ఉన్న చుట్టరికం

చాలామంది మెకానిక్కులు ఇప్పటికీ డైనమో అనే పిలిచే ఆల్టర్నేటర్ పని బ్యాటరీని ఛార్జ్ చేయడమే అనుకుంటాం. కానీ టొయోటా ల్యాండ్ క్రూయిజర్ 40 సిరీస్ లాంటి పాత డీజిల్ ఫోర్‌వీల్ డ్రైవ్‌లలో దాని వీపుకే వాక్యూమ్ పంపు అతికి ఉంటుంది. బ్రేకు పెడల్ తేలిగ్గా దిగేలా చేసే బూస్టర్‌కి ప్రాణం ఆ పంపే. బెల్టు తెగితే ఛార్జింగ్ ఆగిపోవడమే కాదు, కాసేపటికి బ్రేకు పెడల్ కూడా రాయిలా బిగుసుకుంటుంది. ఘాట్ రోడ్డులో ఇది ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా!

ఆ పంపుకి కందెన ఇంజిన్ ఆయిలే. దాని సీలు అరిగితే ఆయిల్ ఆల్టర్నేటర్ లోపలికి కారి, కార్బన్ బ్రష్‌ల పొడితో కలిసి నల్లటి జిడ్డు ముద్దవుతుంది. వెనకవైపు వేలితో తడిమి చూడండి. నూనె తగిలితే ఆలస్యం చేయొద్దు.

తాళం తిప్పగానే డాష్‌బోర్డులో ఎర్రటి బ్యాటరీ దీపం వెలగాలి. చాలా పాత బండ్లలో ఆల్టర్నేటర్‌కి తొలి కరెంటు ఆ బల్బు గుండానే వెళ్తుంది. బల్బు మాడితే ఛార్జింగ్ మొదలే కాకపోవచ్చు. ఆల్టర్నేటర్ మార్చేముందు బల్బు చూడండి!

12 వోల్టుల బండిలో ఇంజిన్ నడుస్తున్నప్పుడు మల్టీమీటర్ సుమారు 13.8 నుంచి 14.4 వోల్టులు చూపాలి. పరీక్ష పేరుతో నడుస్తున్న ఇంజిన్‌కి బ్యాటరీ వైరు మాత్రం ఊడదీయకండి, డయోడ్లు కాలిపోవచ్చు. వాగు దాటొచ్చాక ఆల్టర్నేటర్‌కి అంటిన బురదను మంచినీళ్లతో మెల్లగా కడగండి.