శాస్త్ర గణిత విషయముల నెన్నుకొనుట

పదవతరగతి ఫలితములు వెలువడిన దినము మొదలు కళాశాలలు తెఱచువఱకు మన ముత్తుకూరిలో నే యింటికి బోయినను ఒకే ప్రశ్న వినవచ్చుచుండును: "ఎంపీసీయా, బైపీసీయా?" చాల యిండ్లలో దీని కొక పూటలోనే సమాధానము దొరకును. స్నేహితు డేది తీసికొనెనో యది. లేక మేనమామ కొడు కేది చదివి యుద్యోగము సంపాదించెనో యది. కోడెదూడను కొనునపుడు నాలుగు సంతలు తిరిగి, పండ్లు పట్టి చూచి, నడిపించి చూచెడి మనము, బిడ్డ నాలుగైదేండ్లు చదువవలసిన చదువును మాత్రము గొఱ్ఱెదాటుగా నిర్ణయించుచున్నాము. ఈ విషయమునుగూర్చి విద్యార్థులకును, వారి తలిదండ్రులకును ఉపయోగపడు కొన్ని సంగతులను జెప్పుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

ముందుగా నీ విభాగములు దేనికై యేర్పడినవో తెలిసికొనవలెను. మన రాష్ట్రమున రెండేండ్ల ఇంటర్మీడియట్ చదువు 1969-70లో ప్రారంభమైనది. 1971లో దాని కొక ప్రత్యేకమైన బోర్డు స్థాపింపబడినది. గణిత భౌతిక రసాయనశాస్త్రములు కలిసినది ఎంపీసీ. జీవశాస్త్రము, భౌతిక రసాయనశాస్త్రములు కలిసినది బైపీసీ. ఈ రెంటికిని భౌతిక రసాయనములు సమానమే. భేదమంతయు నొక్క విషయమున నున్నది: గణితమా, జీవశాస్త్రమా యని. ఆ యొక్క భేదమువలననే కొన్ని తలుపులు తెఱచుకొనును, కొన్ని మూసికొనును. ఇంజనీరింగునకును, భవననిర్మాణశిల్పమునకును, నావికాదళ వైమానికదళముల యధికారిశిక్షణకును గణితము చదివి యుండవలెను. వైద్యము, పశువైద్యము, వ్యవసాయము, మత్స్యశాస్త్రము జీవశాస్త్రము చదివినవారికి గలవు. ఔషధశాస్త్రమునందు బి.ఫార్మసీకి రెండు విభాగములవారును అర్హులే. ఈ పట్టికను ఇంటర్మీడియట్‌లో జేరకముందు చదివినవాడు బుద్ధిమంతుడు. రెండేండ్ల తరువాత చదివినవాడు విచారించువాడు.

అట్లు విచారించిన యొక బాలుని నే నెఱుగుదును. అతని తండ్రి రెండు రొయ్యలగుంటలను కౌలునకు దీసికొని సాగు చేయుచుండెను. బాలుడు పసితనమునుండి గుంటగట్టుమీద బెరిగినవాడు. నీటిరంగు చూచి మంచిచెడ్డలు చెప్పగలడు. విసురువల వేసి పిల్లల బరువు చూచుటలో పెద్దలకు దీసిపోడు. తన తోడివారు ముగ్గురు ఎంపీసీలో జేరిరని తానును జేరెను. చదువు సాగెను, మార్కులును వచ్చెను. కాని రెండవ సంవత్సరాంతమున, తాను ప్రతిదినము బస్సులోనుండి చూచుచుండిన మత్స్యశాస్త్ర కళాశాలలో జేరవలెనని కోరిక పుట్టినపుడు, అందు బ్రవేశమునకు జీవశాస్త్రము చదివి యుండవలెనని తెలిసెను. ఆ సాయంకాలము తండ్రీకొడుకు లిద్దఱును మాట్లాడక కూర్చుండుట నేను చూచితిని. ఎవరి తప్పును లేదు. ముందుగా నడిగినవారు లేకుండుటయే తప్పు.

ఆ కళాశాల మన యూరికి దూరమున నున్నది గాదు. మన ముత్తుకూరిలోనే 1991లో స్థాపింపబడినది. అచ్చటి పట్టపుచదువు నాలుగేండ్లు, అనగా నెనిమిది సెమిస్టర్లు. దేశపు నలుమూలలకు రొయ్యలను బంపు జిల్లాలో, కృష్ణపట్టణపు రేవుచెంత, ఉప్పుటేటి యొడ్డున నున్న మన పిల్లలే యీ చదువునకు దారి యేదో తెలిసికొనకుండుట విచారకరము.

2025-26 విద్యాసంవత్సరమున ఇంటర్మీడియట్ బోర్డు కొన్ని మార్పులు చేసి, గణితమును జీవశాస్త్రమును రెంటిని గలిపి చదువుటకును ఒక మార్గము కల్పించినది. దానిని ఎంబైపీసీ యనుచున్నారు. రెండు తలుపులను తెఱచి యుంచుకొన గోరువారి కిది మంచిదే. అయితే బరువు హెచ్చునని మఱవరాదు. పదవతరగతిలో గణితమును విజ్ఞానశాస్త్రమును రెంటిని శ్రమలేక చదివినవారు దీని నాలోచింపవచ్చును. ఒకదానితోనే సతమతమైనవారు రెండు పడవలపై కాళ్లు పెట్టుట క్షేమము గాదు.

ఇక బైపీసీ తీసికొనువారిలో బ్రబలియున్న యొక భ్రమను గూర్చి చెప్పవలెను. "గణితము పీడ వదలినది" అని పలువురు సంతోషింతురు. ఆ సంతోషము రెండేండ్లు మాత్రమే నిలుచును. మత్స్యశాస్త్ర కళాశాలలోనే చేపల జీవశాస్త్రముతోపాటు నీటిరసాయనము, చెరువుల నిర్మాణము, గణాంకశాస్త్రము, ఆర్థికశాస్త్రము చదువవలసి యుండును. కళాశాలదాక నేల? గుంటగట్టుమీదనే చూడుడు.

ఒక హెక్టారు గుంటలో మూడులక్షల రొయ్యపిల్లలను వదలితి మనుకొనుడు. నూటికి 80 బ్రతికిన 2,40,000 మిగులును. ఒక్కొక్కటి సగటున 10 గ్రాములు తూగిన, గుంటలోని రొయ్యల మొత్తపు బరువు 2,400 కిలోలు. ఆ బరువులో నూటికి 3 వంతులు మేత వేయుదుమన్న, దినమునకు 72 కిలోలు. ఇప్పుడు బ్రతికినవి 80 గాక 60 మాత్రమే యనుకొనుడు. అప్పుడు మొత్తపు బరువు 1,800 కిలోలు. కావలసిన మేత 54 కిలోలే. లెక్క సరిచూడనివాడు దినమునకు 18 కిలోల మేతను అధికముగా నీటిలో బాఱవోయుచున్నాడు. పదిదినములలో నది 180 కిలోలగును. డబ్బు పోవుట యొకటి. ఆ మేత యడుగున గుళ్లి అమ్మోనియాను బుట్టించుట మఱియొకటి. మిగిలిన రొయ్యలను జంపునది యీ రెండవదే. ఇందులో నున్న గణితము నూటికింత యను లెక్క, సగటు, అంచనా. వీనిని నేర్చుకొనుటకు నే పరీక్షయు నక్కఱలేదు. కాని నేర్వక పోయిన నష్టము మాత్రము తప్పదు.

ఇంకొక మెట్టు పైకి బోదము. నీటి క్షారగుణమును గొలుచు పీహెచ్ అను సంఖ్యను మన రైతులందఱును ఎఱుగుదురు. అది 8నుండి 9కి బెరిగినదన్న "ఒక్కటే కదా" యని తోచును. కాని పీహెచ్ లాగరిథము లెక్కపై నిర్మింపబడినది. ఒక్క అంకె పెరుగుట యనగా పది రెట్ల భేదము. దీని ఫలము చూడుడు. 28 డిగ్రీల వేడిమి గల మంచినీటిలో పీహెచ్ 8గా నున్నపుడు, అమ్మోనియా మొత్తములో విషరూపమున నుండునది నూటికి సుమారు 7 పాళ్లు. పీహెచ్ 9 అయినచో నది సుమారు 40 పాళ్లగును. ఉప్పునీటిలో నీ పాళ్లు కొంత తక్కువగా నుండినను, తీరు మాత్ర మిదియే. నీటిలోని పాచి పగలెల్ల బొగ్గుపులుసుగాలిని బీల్చుకొనుటచేత సాయంకాలమునకు పీహెచ్ హెచ్చును. ఉదయమున క్షేమముగా నున్న గుంట సాయంకాలమున నేల ప్రమాదకరమగునో యిప్పుడు తెలియుచున్నది గదా. జీవశాస్త్రము, రసాయనశాస్త్రము, గణితము - మూడును ఒక్క గుంటలో గలిసి యున్నవి. పుస్తకములలో మాత్రమే వేఱు.

ఎంపీసీవారికిని ఇట్టి భ్రమయే వేఱొకటి కలదు. గణితము వచ్చిన చాలును, రసాయనశాస్త్రము మార్కులకు మాత్రమే యని వారనుకొందురు. మన మండలములోని నేలటూరివద్ద దామోదరం సంజీవయ్యగారి పేర వెలసిన విద్యుత్కేంద్రమును జూడుడు. ఒక్కొక్కటి 800 మెగావాట్ల యంత్రములు అచ్చట బనిచేయుచున్నవి. నీటిని మహాపీడనమున నావిరిగా మార్చుట భౌతికశాస్త్రము. ఆ నీటిలో లవణలేశమైనను మిగులకుండ శుద్ధిచేసి గొట్టములను తుప్పునుండి కాపాడుట రసాయనశాస్త్రము. రెండవది చెడిన మొదటిది నిలువదు. అట్లే రేవులో నోడలు వచ్చుటకును బోవుటకును సముద్రపు పోటుపాటులు తెలియవలెను. మన తీరమున సుమారు 24 గంటల 50 నిమిషములలో రెండు పోటులును రెండు పాటులును వచ్చును. త్రికోణమితిలో మీరు విసుగుతో గీయు నలలవంటి రేఖయే యీ పోటుపాటుల లెక్కకు మూలము.

ఇంటర్మీడియట్ దాటి బి.ఎస్‌సి.లో జేరినవారికి ఎన్నికపని ముగియదు. ప్రతి సెమిస్టరునందును కొంత యుండును. 2015-16నుండి మన రాష్ట్రమున డిగ్రీ చదువు సెమిస్టరు పద్ధతిలో నడచుచున్నది. 2023-24లో వచ్చిన మార్పు ప్రకారము విద్యార్థి యొక ప్రధానవిషయమును గైకొని, రెండవ సెమిస్టరునుండి మైనరు అను రెండవ విషయము నొకదానిని జేర్చుకొనవలసి యుండెను. మొదటి సెమిస్టరులో నే యొక్క శాస్త్రమో గాక, గణిత భౌతిక రసాయనములకు మూడింటికిని ఉపయోగించు సామాన్యపాఠములు పెట్టబడినవి. ఇట్టి యేర్పాట్లు మధ్యమధ్య మాఱుచుండును గనుక, చేరుసంవత్సరపు నియమములను కళాశాలలోనే చదివి తెలిసికొనవలెను. నియమము లెట్లు మాఱినను, ఎన్నుకొనుటకు గావలసిన వివేకము మాత్రము మాఱదు. దానికి నాలుగు ప్రశ్నలు చాలును.

మొదటిది: ఈ పాఠమునకు ముందేమి తెలిసి యుండవలెను? విద్యుదయస్కాంతములను జదువుటకు కలనగణితము కావలెను. రసాయనచర్యల వేగమును లెక్కించుటకు లాగరిథములు, అవకలన సమీకరణములు కావలెను. జన్యుశాస్త్రమునకు సంభావ్యత కావలెను. ముందుమెట్టు లేక పైమెట్టు నెక్కబోయినవాడు తనకు దెలివి లేదనుకొని కుందును. లేనిది తెలివి గాదు, మెట్టు.

రెండవది: వారమున కెన్ని గంటలు? క్రెడిట్ అను మాటను జూచి బెదరవలదు. వారమునకు ఒక గంట బోధన యొక క్రెడిట్. ప్రయోగశాలలో రెండుగంటల పని యొక క్రెడిట్. కనుక మూడు క్రెడిట్ల బోధనయు, ఒక క్రెడిట్ ప్రయోగమును గల పాఠమునకు వారమున కైదు గంటలు. అట్టివి నాలుగు తీసికొన్న నిరువది గంటలు, భాషలు వేఱు. ప్రయోగముల రికార్డులు వ్రాయుట వేఱు. ముత్తుకూరునుండి నెల్లూరునకు నిత్యము బస్సులో బోయివచ్చువారు దారిలో బోవు గంటలనుగూడ నీ లెక్కలో జేర్చుకొనవలెను.

మూడవది: ఈ విషయము నా ప్రధానవిషయమునకు దోడ్పడునా? రసాయనము ప్రధానముగా గలవానికి గణితముగాని, జీవశాస్త్రముగాని మైనరుగా నున్న రెండు వేఱు దారులు తెఱచుకొనును. సులభమని పేరుపడినదానిని దీసికొన్నచో మార్కులు వచ్చును, దారి రాదు.

నాలుగవది: దీనిని జదువునపుడు నాకు కాలము తెలియకుండ బోవుచున్నదా? ఈ ప్రశ్నకు సమాధానము స్నేహితుడు చెప్పలేడు, తండ్రియు జెప్పలేడు. పాఠ్యపుస్తకము నెరవు దెచ్చుకొని, ఒక యధ్యాయము చదివి, వెనుకనున్న లెక్కలు పది చేసి చూచినచో తానే తెలిసికొనగలడు.

ఎన్నికలో దారి మాఱినను నిరాశ పడనక్కఱలేదనుటకు ఒక గొప్ప నిదర్శనము కలదు. కల్యంపూడి రాధాకృష్ణారావుగారు 1920లో జన్మించిరి. బాల్యమున వారు చదివిన యూళ్లలో గూడూరు ఒకటి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితమున ఎం.ఏ. ముగించి, పనికై కలకత్తాకు బోయినపుడు అచ్చటి భారత గణాంకశాస్త్ర సంస్థను గూర్చి వినిరి. 1941 జనవరిలో నందు జేరిరి. అప్పటికి గణాంకశాస్త్రము మన దేశమున గ్రొత్త చదువు. వారి కిరువదియైదేండ్లు నిండకముందే, 1945లో ప్రకటించిన వ్యాసమందలి సిద్ధాంతము నేడు ప్రపంచమంతట వారి పేర బోధింపబడుచున్నది. తరువాత కేంబ్రిడ్జిలో పురాతనమానవుల యెముకల కొలతలను గణితముతో బరిశీలించిరి. గణితము జీవశాస్త్రముచెంతకు బోయిన తీరిది. 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర పురస్కారము నంది, ఆ సంవత్సరముననే 102 యేండ్ల వయస్సున దివంగతులైరి.

పైన జెప్పిన బాలుని సంగతి మిగిలియున్నది. అతడు ఏడ్చి కూర్చుండలేదు. బి.ఎస్‌సి.లో రసాయనశాస్త్రమును బ్రధానముగా గైకొని, ప్రయోగశాలయందు శ్రద్ధగా బనిచేసి, నేడు రొయ్యలగుంటల నీటిని బరీక్షించు నొక శాలలో నున్నాడు. తండ్రి గుంటలకు మేతలెక్క అతడే వేయును. వలసినచోటికి చుట్టుదారిన జేరినాడు. కాని రెండేండ్లు విలువైనవని యతడే చెప్పుచుండును.

కాబట్టి, పదవతరగతి ముగించుచున్న సోదరులారా, సోదరీమణులారా, మీకు నా మనవి యిది. చేరుటకు ముందు ఒక కాగితముపై మీకు నచ్చిన మూడు పనులు వ్రాయుడు. ప్రతి పనికి నెదురుగా, దానికే చదువు కావలెనో, ఆ చదువునకే విభాగము కావలెనో వ్రాయుడు. తెలియనిచోట మీ యుపాధ్యాయుల నడుగుడు. మత్స్యశాస్త్ర కళాశాల ద్వారముకడకే పోయి యచ్చటి విద్యార్థుల నడుగుడు. తలిదండ్రులారా, మీరును ఆ కాగితమును చదువుడు. ఆడపిల్ల వ్రాసినదానిని మగపిల్లవాడు వ్రాసినదానితో సమానముగా జదువుడు. అటుపిమ్మట ఎంపీసీ యైనను, బైపీసీ యైనను, మఱియేదైనను సరియే. అది మీరెఱిగి యెన్నుకొన్నది యగును.